తల్లికుక్కకి కాల్షియం సీసా వద్దు, కంచం మార్చండి

ప్రశ్న: మేం మల్కాజిగిరిలో ఉంటాం. మా వీధిలో దొరికిన దేశీ ఆడకుక్కని రెండేళ్ల కిందట ఇంటికి తెచ్చుకున్నాం. పేరు చిన్ని. మూడేళ్ల వయసు, 18 కిలోల బరువు. ఆపరేషన్ చేయిద్దాం చేయిద్దాం అనుకుంటుండగానే కడుపుతో ఉంది. డాక్టర్ స్కాన్ చేసి ఇంకో నాలుగు వారాల్లో ఈనుతుందన్నారు. మాది శాకాహార కుటుంబం. దానికి పొద్దున పాలు, మారీ బిస్కెట్లు, రెండు పూటలా పెరుగన్నం పెడతాం. ఇంట్లోకి మాంసం తేవడానికి మా అత్తయ్య ఒప్పుకోరు. వాకిట్లో గుడ్డు ఉడకబెడితే మాత్రం చూసీ చూడనట్టు ఊరుకుంటారు. ప్యాకెట్ ఫుడ్‌కి అభ్యంతరం లేదు. పెట్ షాప్ అతను కాల్షియం సిరప్ ఇచ్చి రోజూ రెండు పూటలా పట్టమన్నాడు. పిల్లల మెదడుకి మంచిదని మా తమ్ముడు కాడ్ లివర్ ఆయిల్ గుళికలు తెచ్చాడు. నేను అవిసె గింజల పొడి కలుపుతున్నాను. ఈనిన తర్వాత బాలింతకి పెట్టినట్టే వెల్లుల్లి కారం అన్నం పెట్టాలని అత్తయ్య అంటున్నారు. పక్కిళ్లవాళ్లు అప్పుడే, నెల నిండగానే మాకో పిల్లని ఇవ్వండి అంటున్నారు. పిల్లలు ఆరోగ్యంగా, తెలివిగా ఉండాలంటే ఏం చేయాలి? టెన్షన్‌గా ఉంది.
— ఒక పాఠకురాలు

సమాధానం: అమ్మా, ముందు ఆ కాల్షియం సిరప్ సంగతి చూద్దాం. మిగతావి ఒకటి రెండు రోజులు ఆలస్యమైనా ఫరవాలేదు గానీ, దాన్ని మాత్రం ఇవాళే ఆపేయండి.

కడుపులో పిల్లలున్నాయి, వాటి ఎముకలకి కాల్షియం కావాలి కదా అని అందరూ అనుకునేదే. కానీ తల్లి ఒంట్లో ఈ పని చూసుకోవడానికి మెడ దగ్గర చిన్న గ్రంథులున్నాయి. రక్తంలో కాల్షియం తగ్గితే అవి ఒక హార్మోన్ విడుదల చేసి ఎముకల్లోంచీ పేగుల్లోంచీ కాల్షియాన్ని లాగుతాయి. మనం రోజూ బయటి నుంచి పోస్తూ ఉంటే వాటికి పని ఉండదు, మందగిస్తాయి. ఈనాక పిల్లలన్నీ ఒక్కసారిగా పాలు గుంజడం మొదలుపెడితే కాల్షియం వేగంగా పోతుంది. ఆ వేగానికి తగ్గట్టు గ్రంథులు లేచి పనిచేయలేవు. అప్పుడు వచ్చేదే ఎక్లాంప్సియా. ఎక్కువగా ఈనిన రెండో వారం నుంచి నాలుగో వారం లోపు, అంటే పాలు బాగా పడే రోజుల్లో వస్తుంది. పామరేనియన్ లాంటి చిన్న జాతుల్లో ఎక్కువ. చిన్ని సైజు కుక్కలకి తక్కువే గానీ పిల్లలు ఎక్కువైతే రాదని చెప్పలేం.

లక్షణాలు ఇప్పుడే తెలుసుకుని ఉండండి. ఎండ లేకపోయినా విపరీతంగా రొప్పడం, ఒకచోట నిలవలేకపోవడం, పిల్లల్ని పట్టించుకోకపోవడం, కాళ్లు బిగుసుకుపోయి కర్రల మీద నడిచినట్టు నడవడం, కండరాలు అదరడం, ఒళ్లు కాలిపోవడం, చివరికి ఫిట్స్. మొదటి రెండు మూడు లక్షణాలు కనిపించగానే పిల్లల్ని పాల దగ్గర్నుంచి తీసేసి, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఆ సమయంలో నోట్లో సిరప్ పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. డాక్టర్ గుండె చప్పుడు వింటూ నరంలోకి కాల్షియం మెల్లగా ఎక్కిస్తారు, చాలా కుక్కలు అక్కడికక్కడే తేరుకుంటాయి. అర్ధరాత్రి ఏ క్లినిక్ తెరిచి ఉంటుందో, ఎవరికి ఫోన్ చేయాలో ఇప్పుడే రాసి పెట్టుకోండి. పగటిపూటైతే రాజేంద్రనగర్ వెటర్నరీ కాలేజీ ఆసుపత్రి, నారాయణగూడ ప్రభుత్వ పశువైద్యశాల ఉన్నాయి. మీకు రెండూ కాస్త దూరమే, కాబట్టి దగ్గర్లో ఒకరిని చూసుకోవడం మంచిది.

ఇక కంచం దగ్గరికి వద్దాం. అసలు లోటు ఉన్నది అక్కడే.

పెరుగన్నం చెడ్డ తిండి కాదు. చూలుతో ఉన్న కుక్కకి అది చాలదు, అంతే. లెక్క వేసి చూడండి. అరకిలో వండిన అన్నం, పావుకిలో పెరుగు కలిపితే దాదాపు 800 కేలరీలు వస్తాయి. అందులో ప్రోటీన్ 20 గ్రాములు. చూలుతో ఉన్న కుక్కకి, పాలిచ్చే కుక్కకి ప్రతి 1000 కేలరీల తిండిలో కనీసం 50 గ్రాముల ప్రోటీన్ ఉండాలి. అంటే అవసరంలో సగమే అందుతోంది. పొద్దున పోసే పాలు దీన్ని కొంచెం పెంచుతాయి, బిస్కెట్లు మళ్లీ తగ్గిస్తాయి. ఇనుము, జింక్, కోలిన్ లాంటివి కూడా ఈ తిండిలో తక్కువే. మెదడు నిర్మాణానికి అవన్నీ కావాలి. పిల్లల తెలివి గురించి అడిగారు కాబట్టి చెబుతున్నాను. తల్లికి ప్రోటీన్ సగమే అందుతుంటే పైన ఎన్ని గుళికలు వేసినా ఆ లోటు తీరదు.

ప్యాకెట్ ఫుడ్‌కి అభ్యంతరం లేదన్నారు కాబట్టి మీ పని సులువైంది. పెద్ద కుక్కల ప్యాకెట్ కాకుండా కుక్కపిల్లల ప్యాకెట్ కొనండి, పప్పీ ఫుడ్ లేదా స్టార్టర్. వెనకవైపు ‘గ్రోత్ అండ్ రీప్రొడక్షన్’ అనో, చూలుతో ఉన్నవాటికీ పాలిచ్చేవాటికీ అనో రాసి ఉండాలి. క్రూడ్ ప్రోటీన్ 28 శాతం అటూ ఇటూగా, కొవ్వు 15 శాతం దాకా ఉంటే బాగుంటుంది. పదార్థాల్లో డీహెచ్‌ఏ (మెదడుకి కావాల్సిన ఒక కొవ్వు) అనో, ఫిష్ ఆయిల్ అనో ఉందేమో చూడండి. కాల్షియం కూడా భాస్వరంతో సరైన పాళ్లలో అందులోనే ఉంటుంది, అందుకే సిరప్ అక్కర్లేదన్నాను. బజారులో శాకాహార డాగ్ ఫుడ్ కూడా దొరుకుతోంది గానీ, ఈ నాలుగు నెలలు దాని జోలికి పోవద్దు. ఇంకో మాట. ఈ పప్పీ ఫుడ్‌లో చాలావరకు కోడిమాంసమే ఉంటుంది. అత్తయ్యగారికి దాచిపెట్టకుండా ప్యాకెట్ చదివి వినిపించండి. వాకిట్లో గుడ్డుని చూసీ చూడనట్టు ఊరుకునే మనిషి దీనికీ ఒప్పుకుంటారనే నా నమ్మకం. దానికో గిన్నె, ఒక డబ్బా వేరేగా పెడితే సరిపోతుంది.

ఒక్కరోజులో మార్చేయకండి, విరేచనాలవుతాయి. వారం రోజుల్లో కొద్దికొద్దిగా పెరుగన్నం తగ్గిస్తూ ఇది పెంచండి. పెరుగన్నం రుచి మరిగిన కుక్కలు ఈ ప్యాకెట్ గింజల్ని వాసన చూసి వెళ్లిపోతాయి. గోరువెచ్చని నీళ్లలో నానబెట్టి, పైన రెండు ముద్దల పెరుగన్నం కలిపితే తింటాయి. ఆ రెండు ముద్దలు చివరిదాకా ఉన్నా నష్టం లేదు. రోజుకో ఉడికించిన గుడ్డు పెట్టండి. పచ్చి గుడ్డు వద్దు. పాలు, బిస్కెట్లు మానేయండి, వాటికి బదులు ఎప్పుడూ నిండుగా చల్లని నీళ్లు.

ఎంత పెట్టాలంటే, 18 కిలోల కుక్కకి మామూలు రోజుల్లో ఇలాంటి ఫుడ్ 250 గ్రాముల చుట్టుపక్కల సరిపోతుంది. కంపెనీని బట్టి కాస్త మారుతుంది, ప్యాకెట్ మీది పట్టిక చూసుకోండి. కుక్క చూలు దాదాపు 63 రోజులు. మొదటి ఐదు వారాలు తిండి పెంచాల్సిన పని లేదు, పెంచితే తల్లి ఒళ్లు చేసి కాన్పు కష్టమవుతుంది. చిన్నికి ఇప్పుడు ఐదో వారం పూర్తవుతోంది. ఇక్కడి నుంచి వారానికి పదో వంతు చొప్పున పెంచుతూ పోతే ఈనే నాటికి 320 నుంచి 370 గ్రాముల దాకా వస్తుంది. పొట్టలో చోటు తగ్గిపోతుంది కాబట్టి రెండు పూటల తిండిని నాలుగుసార్లుగా పంచి పెట్టండి. ఈనే ముందురోజు చాలా కుక్కలు తిండి ముట్టవు, దానికి కంగారు పడొద్దు.

అసలు తిండి పెరగాల్సింది ఈనిన తర్వాత. మన ఇళ్లల్లో దీనికి తలకిందులుగా జరుగుతుంది. కడుపుతో ఉన్నప్పుడు అందరూ ప్రేమగా పెడతారు, పిల్లలు పుట్టాక అందరి చూపూ వాటి మీదికి పోతుంది, తల్లి పాత గిన్నెతో సరిపెట్టుకుంటుంది. పాలిచ్చే మూడు, నాలుగు వారాల్లో తల్లికి మామూలు కంటే రెండింతలు, పిల్లలు ఆరుకి మించితే మూడింతలు తిండి కావాలి. చిన్నికి అది 500 నుంచి 750 గ్రాములు. కొలతలు పక్కనపెట్టి గిన్నె ఎప్పుడూ నిండుగా ఉంచండి, కావాల్సినప్పుడు తింటుంది. వీపు ఎముకలు తేలుతున్నాయంటే పెట్టేది చాలడం లేదన్నమాట.

పిల్లల మెదడుకీ ఈ వారాలే కీలకం. కుక్కపిల్లలు కళ్లు తెరవకుండా, చెవులు వినపడకుండా పుడతాయి. కళ్లు పది, పద్నాలుగు రోజులకి తెరుచుకుంటాయి, చెవులు ఇంకాస్త ఆలస్యంగా. మెదడు ఎదుగుదలలో పెద్ద భాగం పుట్టిన తర్వాతే, తల్లి పాల మీద జరుగుతుంది. నీళ్లు తీసేసి చూస్తే మెదడులో సగానికి పైగా కొవ్వే. ఆ కొవ్వుల్లో డీహెచ్‌ఏ అనే ఒమేగా-3 నరాల కణాల పొరల్లో, కంటి వెనక రెటీనాలో ప్రత్యేకంగా చేరుతుంది. చూలు చివరి వారాల్లో మావి ద్వారా, ఆ తర్వాత పాల ద్వారా పిల్లలకి అందుతుంది.

ఇది తెలివిని పెంచుతుందా? అమెరికాలో 48 బీగిల్ జాతి కుక్కపిల్లలకి ఎనిమిది వారాల వయసు నుంచి ఏడాది వరకు రకరకాల మోతాదుల్లో చేపనూనె ఉన్న తిండి పెట్టి చూశారు. 2012లో ఫలితాలు ప్రచురించారు. డీహెచ్‌ఏ ఎక్కువ అందిన పిల్లలు కొన్ని నేర్చుకునే పరీక్షల్లో మెరుగ్గా ఉన్నాయి, రెటీనా పరీక్షల్లోనూ అంతే. అయితే అది చేసినవాళ్లలో పెట్ ఫుడ్ కంపెనీ శాస్త్రవేత్తలున్నారు. ఆ తిండిలో చేపనూనెతో పాటు వేరే పోషకాల ప్రభావమూ ఉండొచ్చని వాళ్లే రాశారు. నా ఉద్దేశంలో డీహెచ్‌ఏ లోటు లేకుండా చూసుకోవడం అవసరం. లోటు తీరాక ఇంకా ఇంకా పోస్తే పిల్లలు మేధావులవుతాయన్నది మాత్రం అమ్మేవాళ్ల మాట.

మీ అవిసె గింజల సంగతి చెబితే కాస్త నిరాశ పడతారేమో. అవిసెలో ఉన్నది ఏఎల్‌ఏ అనే వేరే ఒమేగా-3. దాన్ని డీహెచ్‌ఏగా మార్చుకునే శక్తి ఎదిగిన కుక్కల్లో చాలా తక్కువ. చూలులోనూ పాలిచ్చేటప్పుడూ తల్లికుక్కలకి అవిసె పెట్టి చూసిన ప్రయోగంలో పాలలో ఏఎల్‌ఏ పెరిగింది, డీహెచ్‌ఏ పెరగలేదు. కొద్దిగా కలిపితే హాని లేదు గానీ, మెదడు కోసమని దాని మీద ఆధారపడకండి.

కాడ్ లివర్ ఆయిల్ తమ్ముడికి తిరిగి ఇచ్చేయండి. అది చేప ఒంటి నూనె కాదు, కాలేయం నూనె. విటమిన్ ఏ, డి మెండుగా ఉంటాయి. ఆ రెండూ పప్పీ ఫుడ్‌లో సరిపడా ఉన్నాయి. ఈ విటమిన్లు ఎక్కువైతే నీళ్లతో బయటికి పోవు, ఒంట్లోనే పేరుకుంటాయి. చూలులో విటమిన్ ఏ మితిమీరితే పిల్లలు అవకరాలతో పుట్టే ప్రమాదం ఉంది. మాంసం తినే ఇళ్లలో రోజూ కిలోల లెక్కన కోడి లివర్ వండి పెట్టేవాళ్లకి కూడా ఇదే మాట వర్తిస్తుంది.

మీరు కొన్న ప్యాకెట్‌లో డీహెచ్‌ఏ లేదనుకోండి, శాకాహార మార్గమే ఉంది. చేపలకి డీహెచ్‌ఏ వచ్చేది సముద్రపు నాచు నుంచే. ఆ నాచు నూనెతో చేసిన 200 మిల్లీగ్రాముల గుళికలు గర్భిణుల కోసం మెడికల్ షాపుల్లో అమ్ముతారు. ఇలాంటి ఒమేగా-3 తల్లికుక్కకి 1000 కేలరీలకి 130 మిల్లీగ్రాములుంటే చాలని అమెరికా నేషనల్ రీసెర్చ్ కౌన్సిల్ 2006లో లెక్కగట్టింది. కాబట్టి చూలులో రోజుకొకటి, తిండి రెండు మూడింతలయ్యే పాలిచ్చే రోజుల్లో రెండు సరిపోతాయి, గుచ్చి తిండి మీద పిండేయండి. కొనేముందు అట్ట చదవాలి. విటమిన్ డి, ఇనుము, తీపి కోసం జైలిటాల్ కలిపినవి వద్దు. జైలిటాల్ కుక్కలకి విషం. ఉత్త డీహెచ్‌ఏ ఉన్నదే తీసుకుని, మీ డాక్టర్‌కి ఒకసారి చూపించి మొదలుపెట్టండి.

మాంసాహారుల ఇళ్లల్లో ఇది చదివేవాళ్లకి ఒక ముక్క. రామ్‌నగర్ మార్కెట్లో ఎక్కువగా దొరికే బొచ్చె, రవ్వ చెరువు చేపలు, వాటిలో డీహెచ్‌ఏ తక్కువ. కోస్తా నుంచి వచ్చే కవళ్లు, కానాగంతలు చాలా నయం. ఉప్పు, మసాలా లేకుండా ఉడికించి, ముళ్లు తీసి వారానికి రెండుసార్లు పెడితే చాలు. పచ్చి చేప, పచ్చి చికెన్ ఈ సమయంలో వద్దు. బిర్యానీలో మిగిలిన బొక్కలు అసలే వద్దు.

బాలింత పథ్యం గురించి అత్తయ్యగారు అన్నమాటలో ప్రేమ ఉంది. కానీ వెల్లుల్లి, ఉల్లి కుక్కల రక్తకణాల్ని పగలగొడతాయి. ఈని, రక్తం పోయి, పాలిస్తున్న తల్లికి అది ఇంకా ప్రమాదం. పెట్టాలనిపిస్తే గోరువెచ్చని నీళ్లలో నానబెట్టిన పప్పీ ఫుడ్‌లో చెంచాడు నెయ్యి వేసి ఆవిడ చేత్తోనే పెట్టించండి. అదే బాలింత భోజనం.

పిల్లలు పుట్టగానే తల్లి మొదటి పాలు పన్నెండు గంటల్లోపు, ఎంత తొందరగా అయితే అంత మంచిది, ప్రతి పిల్లా తాగాలి. రోగాల నుంచి కాపాడే పదార్థాలు ఆ పాలలోనే వస్తాయి, ఒక రోజు దాటాక పేగులు వాటిని లోపలికి తీసుకోలేవు. వంటింటి ఎలక్ట్రానిక్ త్రాసు ఒకటి దీనికే కేటాయించి రోజూ ఒకే వేళకి తూచి రాయండి. ఎనిమిది, పది రోజులకి పుట్టిన బరువు రెట్టింపు అవ్వాలి. ఒక పిల్ల బరువు వరసగా రెండు రోజులు పెరగకపోతే, ఏడుపు ఆపకపోతే డాక్టర్‌కి చెప్పాల్సిందే. మొదటి వారం వాటి ఒంటికి సొంతంగా వేడి పుట్టించుకోవడం రాదు, పక్క 30 డిగ్రీల దాకా వెచ్చగా ఉండాలి. చల్లబడిన పిల్ల పాలు తాగలేదు, తాగినా అరగదు. అదే ఎండలు మండే రోజులైతే తల్లి కాస్త లేచి వెళ్లి పడుకోవడానికి పక్కనే చల్లని నేల వదలండి.

పాలు చాలక పైపాలు పట్టాల్సి వస్తే ఉత్త ఆవుపాలు పట్టకండి. కుక్కపాలలో ప్రోటీన్, కొవ్వు రెండూ ఆవుపాలకి రెట్టింపు పైనే ఉంటాయి, పాలచక్కెర తక్కువ. కుక్కపిల్లల కోసం చేసిన పాలపొడి దొరుకుతుంది, అది వాడండి. మూడు వారాలు దాటాక పప్పీ ఫుడ్‌నే నీళ్లలో జావలా మెత్తగా నానబెట్టి పళ్లెంలో పెడితే నాకడం నేర్చుకుంటాయి. ఏడెనిమిది వారాలకి పూర్తిగా దాని మీదికి వస్తాయి.

నులిపురుగుల్ని మర్చిపోకండి. తల్లి ఒంట్లోంచి మావి ద్వారా, పాల ద్వారా పిల్లల్లోకి వస్తాయి, మీరు పెట్టిన తిండి సగం అవే తింటాయి. పిల్లలకి రెండో వారం నుంచి రెండేసి వారాలకోసారి మందు పడుతుంది. తల్లికి చూలులో ఇవ్వదగిన మందు ఏదో డాక్టర్ని అడగండి. గోమార్లు ఉంటే కూడా అంతే, మందు సొంతంగా తెచ్చి పోయొద్దు.

చివరగా పక్కింటివాళ్లకి నెలపిల్లలు. ఇక్కడ మాత్రం గట్టిగా నిలబడండి. మీరు డీహెచ్‌ఏ కోసం పడే తాపత్రయమంతా ఇక్కడ పోగొట్టుకోవచ్చు. మూడో వారం నుంచి పన్నెండు, పద్నాలుగు వారాల దాకా కుక్కపిల్ల లోకాన్ని నేర్చుకునే కాలం. గట్టిగా కొరికితే ఎదుటివాళ్లకి నొప్పెడుతుందని తోబుట్టువులతో ఆడుతూనే తెలుస్తుంది. తల్లి గుర్రుమంటే తగ్గాలని తల్లి దగ్గరే తెలుస్తుంది. నెలకే విడదీసిన పిల్లలు పెద్దయ్యాక మితిమీరి కొరకడం, ప్రతి చప్పుడికీ బెదరడం తరచుగా చూస్తుంటాం. ‘చిన్నప్పుడే తెస్తే బాగా మాలిమి అవుతుంది’ అని మన ఊళ్లో చాలామంది నమ్మకం. మాలిమికి తల్లి అడ్డం కాదు. మన దేశంలో 2017 నాటి కుక్కల పెంపకం, అమ్మకం నియమాల ప్రకారం ఎనిమిది వారాల లోపు పిల్లల్ని అమ్మడమే కుదరదు. మీరు అమ్మడం లేదు నిజమే, కానీ ఆ గడువు పెట్టిన కారణం ఉచితంగా ఇచ్చే పిల్లలకీ వర్తిస్తుంది.

అడిగినవాళ్లని ఊరికే తిప్పి పంపకండి. మూడో వారం దాటాక వారానికి రెండు మూడుసార్లు మీ ఇంటికే రమ్మనండి. పిల్లల్ని ఎత్తుకోనివ్వండి, వాళ్ల పిల్లల గొంతు, వాళ్ల చేతుల వాసన అలవాటవనివ్వండి. మిక్సీ, కుక్కర్ విజిల్, ఆటో హారన్, గేటు చప్పుడు దూరం నుంచి వినిపిస్తూ ఉండాలి. వీధిలో డప్పులు, టపాసులు మోగే రోజుల్లో మాత్రం తల్లినీ పిల్లల్నీ లోపలి గదిలో ఉంచండి. టీకాలు పూర్తికాని పిల్లల్ని వీధి నేల మీద దింపొద్దు, పార్వో అనే వైరస్ జబ్బు మన నగరంలో ఎక్కువ. మొదటి టీకా ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య వేయించండి, రేబిస్ టీకా మూడు నెలలకి.

ఎనిమిది వారాలు నిండాక ఇచ్చేటప్పుడు టీకా కార్డుతో పాటు, అప్పటిదాకా తింటున్న ఫుడ్ వారానికి సరిపడా పొట్లం కట్టి ఇవ్వండి. కొత్త ఇంట్లో మొదటిరోజే పాలు, బిస్కెట్లు పెట్టొద్దని చెప్పండి. చిన్నికి పాలు పూర్తిగా ఇంకిపోయాక ఆపరేషన్ ఎప్పుడు చేయొచ్చో ఈసారి తేదీ ముందే తీసుకోండి.